ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్: ఆ రెండేళ్ళూ ఏమడుగుతాయి?

డిగ్రీ ఫలితాలు వచ్చాయంటే మా డిపార్ట్‌మెంట్ గదికి తల్లిదండ్రుల రాక మొదలవుతుంది. అనంతపురం జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ పాఠాలు చెప్పే నా దగ్గరికి వాళ్ళు తెచ్చే ప్రశ్న ఏటా ఒకటే. "మేడం, మా పాపకి డెబ్భై శాతం వచ్చింది. ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్‌కి సరిపోతుందా?" సరిపోతుందనే చెప్తాను. మన రాష్ట్ర యూనివర్సిటీల్లో సీటు దరఖాస్తుకి ఆ మార్కులు ఎక్కువే. వాళ్ళ మొహాలు తేటపడ్డాక పాప వైపు తిరిగి అడుగుతాను: "నీ రియల్ అనాలిసిస్ నోట్సూ లీనియర్ ఆల్జీబ్రా నోట్సూ ఉన్నాయా, పాత పేపర్లవాళ్ళకి వేసేశావా?"

చాలామంది ఆ ప్రశ్నకి సిద్ధపడి రారు. డేటా సైన్స్ అనీ, అనలిటిక్స్ అనీ, బెంగళూరులో ఫలానావారి అబ్బాయికి ఇంత జీతమనీ విని వస్తారు. వినడంలో తప్పేమీ లేదు, ఆ ఉద్యోగాలు నిజంగానే ఉన్నాయి. కానీ ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ అనే డిగ్రీకి ముందుగా కావలసింది గణితం. ఆ తర్వాత కావలసింది డేటా ముందు ఓపిగ్గా కూర్చునే గుణం. కంప్యూటర్ ఆ రెండిటి వెనక మూడోది. ఈ వరస తారుమారు చేసుకుని చేరిన పిల్లలు మొదటి సెమిస్టర్లోనే నలిగిపోవడం కళ్ళారా చూస్తున్నాను కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నాను.

ముందు గుమ్మం సంగతి. మన దగ్గర బీఎస్సీలో మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్స్ కలిసిన గ్రూపు చదివినవాళ్ళే ఎక్కువగా ఇటు వస్తారు. ఆంధ్రా యూనివర్సిటీ, ఎస్వీ యూనివర్సిటీ, శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ వంటి చోట్లకి ఏపీ పీజీసెట్ రాయాలి. ఉస్మానియా, కాకతీయ వంటివాటికి సీపీగెట్. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్, ఆపరేషన్స్ రీసెర్చ్ రెండూ కలిపిన ఎమ్మెస్సీ ఉంది, దానికి సీయూఈటీ పీజీ. కాన్పూర్, బొంబాయి ఐఐటీలకైతే జామ్ అనే పరీక్షలో మ్యాథమెటికల్ స్టాటిస్టిక్స్ పేపర్ రాయాలి. మూడు గంటలు, 60 ప్రశ్నలు, 100 మార్కులు. అందులో కొన్నిటికి ఆప్షన్లే ఉండవు, జవాబుగా వచ్చిన అంకెని మనమే టైప్ చేయాలి. ఊహించి కొట్టడానికి వీలుండదు. పేరులో మ్యాథమెటికల్ అని ఊరికే పెట్టలేదు. ఆ పేపర్లో సీక్వెన్సులూ, సిరీసులూ, ఇంటిగ్రల్సూ, మ్యాట్రిసులూ నేరుగా అడుగుతారు.

వీటన్నిటికీ పైమెట్టు కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్. అక్కడ ఇచ్చే డిగ్రీ పేరు ఎం.స్టాట్. ప్రవేశ పరీక్ష ఒకే రోజు రెండు భాగాలు. ఒక పూట ఆబ్జెక్టివ్, ఇంకో పూట కాగితం మీద రుజువులతో సహా రాసే ప్రశ్నలు. డిగ్రీలో స్టాటిస్టిక్స్ ప్రధానంగా చదవని గణితం పిల్లలకు కూడా అక్కడ చోటుంది, వాళ్ళ మొదటి ఏడాది పాఠాలు వేరుగా ఉంటాయి. ఏళ్ళ తరబడి ట్యూషన్ ఫీజు తీసుకోకుండా, నెలనెలా స్టైపెండ్ ఇచ్చి చదివించిన సంస్థ అది. ఆ సంగతి మన పల్లె కాలేజీల పిల్లలకు తెలియకపోవడం నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఫీజుకి భయపడి ఎమ్మెస్సీ మానుకున్న తెలివైన పిల్లలు ఎంతమందో! వాళ్ళలో ఒక్కరైనా ఆ పరీక్ష రాసి ఉంటే అనిపిస్తుంది.

లోపలికి వెళ్ళాక ఏముంటుంది? సిలబస్ చదివి వినిపిస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు. అందుకే ఒక్క సిద్ధాంతాన్ని తీసుకుని చూపిస్తాను. దాన్ని చూస్తే ఈ డిగ్రీకి కావలసినదంతా కనిపిస్తుంది. పైగా అది మన తెలుగువాడి పేరు మీద ఉన్న సిద్ధాంతం.

కల్యంపూడి రాధాకృష్ణారావు, ప్రపంచానికి సి.ఆర్. రావు. 1920 సెప్టెంబర్ 10న ఇప్పటి కర్ణాటకలోని హడగలిలో తెలుగు కుటుంబంలో పుట్టారు. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నం, ఇలా తండ్రి బదిలీల వెంట చదువు సాగింది. ఆంధ్రా యూనివర్సిటీలో గణితం ఎం.ఏ. చేశారు. యుద్ధకాలంలో సైన్యపు సర్వే విభాగంలో గణితం తెలిసినవాళ్ళు కావాలంటే ఇంటర్వ్యూకని కలకత్తా వెళ్ళారు. ఆ ఉద్యోగం రాలేదు. అక్కడ బసలో కలిసిన ఒకాయన తాను పైన చెప్పిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో, దాన్ని స్థాపించిన మహలనోబిస్‌గారి దగ్గర శిక్షణ పొందుతున్నానని చెప్తే, ఆ చోటు చూడటానికి వెళ్ళి, 1941 జనవరి 1న తానూ చేరిపోయారు. ఆ ఏడాదే కలకత్తా యూనివర్సిటీ స్టాటిస్టిక్స్‌లో ఎం.ఏ. మొదలుపెట్టింది. మన దేశంలో ఈ శాస్త్రానికి పీజీ చదువు అక్కడే పుట్టింది. మొదటి బ్యాచ్‌లో రావుగారు ఉన్నారు. 1943లో ఫస్ట్ క్లాసులో ఫస్టుగా, బంగారు పతకంతో బయటికొచ్చారు. అంటే ఈ రోజు మన పిల్లలు చేరే ఎమ్మెస్సీకి ఆది విద్యార్థుల్లో ఆయన ఒకరు.

ఆ మరుసటేడు ఆయన అదే యూనివర్సిటీలో ఎస్టిమేషన్ పాఠం చెప్తున్నారు. శాంపిల్ సైజు చాలా పెద్దదైనప్పుడు మాత్రమే వర్తించే, ఇంగ్లండ్ స్టాటిస్టీషియన్ ఫిషర్ ఫలితం ఒకటి బోర్డు మీద వేశారు. వి.ఎం. దండేకర్ అనే విద్యార్థి లేచి, చిన్న శాంపిల్స్‌కి ఇలాంటిదేదైనా రుజువు చేయొచ్చు కదా అని అడిగారు. ఈ దండేకరే తర్వాతి కాలంలో దేశంలో పేదరికం మీద నీలకంఠ రథ్‌తో కలిసి పుస్తకం రాసిన ఆర్థికవేత్త. ఆ ప్రశ్న పట్టుకుని రావుగారు రాత్రి కూర్చుని ఫలితం సాధించారు. 1945లో కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో అది అచ్చయింది. స్వీడన్ గణితవేత్త హెరాల్డ్ క్రామేర్ కూడా విడిగా అదే తేల్చి 1946లో తన పుస్తకంలో పెట్టారు. అందుకే క్రామేర్–రావు అసమానత అంటారు. అప్పటికి రావుగారికి పాతికేళ్ళు.

అది చెప్పేది ఇది. మండలంలో వేరుశనగ సగటు దిగుబడి ఎంతో తెలుసుకోవాలనుకుందాం. పొలాలన్నీ కొలవలేం, కొన్ని కొలుస్తాం. ఆ కొన్నిటి నుంచి మొత్తానికి ఒక అంచనా కడతాం. అంచనా కట్టే సూత్రాలు ఎన్నో ఉండొచ్చు. ఒక్కొక్కటి ఒక్కో మేరకు అటూ ఇటూ ఊగుతుంది. పక్షపాతం లేని సూత్రాల్లో ఎంత తెలివైనదాన్ని తెచ్చినా ఆ ఊగిసలాట ఒక హద్దు కన్నా తగ్గదనీ, ఆ హద్దు ఎంతో లెక్కగట్టొచ్చనీ రావుగారు చూపించారు. ఎవరైనా "నా పద్ధతి ఇంతకన్నా నికరంగా చెప్తుంది" అని వస్తే, ఉన్న డేటాతో అది సాధ్యమో కాదో చెప్పగలిగే కొలబద్ద అది.

దాని రుజువు ఒక పేజీ కూడా ఉండదు. మొదటి ఏడాదిలోనే ఇన్ఫరెన్స్ పేపర్లో వస్తుంది. ఆ ఒక్క పేజీ రాయడానికి ఏం కావాలో చూడండి. ఒకచోట ఇంటిగ్రల్ బయట ఉన్న డెరివేటివ్‌ని లోపలికి తీసుకెళ్తాం. ఎప్పుడు పడితే అప్పుడు తీసుకెళ్ళకూడదు, దానికి షరతులున్నాయి. ఆ షరతులు చెప్పేది రియల్ అనాలిసిస్. ఇంకోచోట కోషీ–ష్వార్జ్ అసమానత వాడతాం. దాని ఇల్లు లీనియర్ ఆల్జీబ్రా. తెలుసుకోవలసిన సంఖ్య ఒకటి కాక నాలుగైదు ఉంటే ఆ హద్దు ఒక మ్యాట్రిక్స్‌కి ఇన్వర్స్ అవుతుంది, మళ్ళీ లీనియర్ ఆల్జీబ్రాయే. డిగ్రీ సెకండియర్లోనో థర్డియర్లోనో గైడు చూసి గట్టెక్కించిన ఆ రెండు పేపర్లూ ఇక్కడ ఎదురొచ్చి నిలబడతాయి.

షరతులు చదవకుండా సూత్రం కంఠస్థం చేస్తే ఏమవుతుందో క్లాసులో ఒక లెక్కతో చూపిస్తుంటాను. బస్టాండులో బస్సు సున్నా నుంచి ఏదో ఒక గరిష్ఠ సమయం లోపల ఎప్పుడైనా రావచ్చు, అన్ని నిమిషాలకూ సమాన అవకాశం. ఆ గరిష్ఠం మనకు తెలీదు, దాన్ని తీటా అందాం. పది రోజులు నిలబడిన సమయాలు రాసుకున్నాం. వాటిలో అన్నిటికన్నా పెద్దదాన్ని తీసుకుని పదకొండు బై పదితో హెచ్చవేస్తే తీటాకి పక్షపాతం లేని మంచి అంచనా వస్తుంది. దాని వేరియన్స్, అంటే ఆ ఊగిసలాట కొలత, తీటా స్క్వేర్ బై 120. ఇప్పుడు రావుగారి సూత్రంలో కళ్ళు మూసుకుని అంకెలు వేస్తే హద్దు తీటా స్క్వేర్ బై 10 అని వస్తుంది. హద్దు కన్నా పన్నెండో వంతుకి దిగిపోయింది మన అంచనా! సిద్ధాంతం తప్పా? కాదు. డేటా పడే పరిధే తీటా మీద ఆధారపడి ఉంది కాబట్టి డెరివేటివ్‌ని లోపలికి తీసుకెళ్ళే షరతు ఇక్కడ నిలవదు, సిద్ధాంతం ఈ లెక్కకి వర్తించనే వర్తించదు. పరీక్షల్లో ఈ ప్రశ్న ఏదో రూపంలో వస్తూనే ఉంటుంది. పేజీ నిండా సూత్రం రాసి, ఆఖరికి అసాధ్యమైన జవాబు దగ్గర ఆగిపోయేవాళ్ళు ఆగిపోతారు. "ఇక్కడ షరతు చెల్లదు" అని ఒక్క వాక్యం రాసినవాళ్ళు మార్కులు తీసుకుపోతారు. ఆ వాక్యం రాయగలగడమే ఈ డిగ్రీ.

ఉద్యోగంలో కూడా అంతే. సాఫ్ట్‌వేర్ ఏ డేటా ఇచ్చినా ఏదో ఒక జవాబు కక్కుతుంది. ఆ పద్ధతి ఈ డేటాకి పనికొస్తుందా అన్నది అది అడగదు. అడగడానికే స్టాటిస్టీషియన్‌కి జీతమిస్తారు.

మిగతా పేపర్ల గురించి త్వరగా చెప్తాను. ప్రాబబిలిటీ మెజర్ థియరీతో మొదలై లిమిట్ సిద్ధాంతాల దాకా వెళ్తుంది. పిల్లలు ఎక్కువగా తప్పే పేపర్ ఇదేనని నా అనుభవం. డిస్ట్రిబ్యూషన్ థియరీ, ఇన్ఫరెన్స్, లీనియర్ మోడల్స్, మల్టీవేరియేట్ అనాలిసిస్, స్టోకాస్టిక్ ప్రాసెసెస్, శాంప్లింగ్, డిజైన్ ఆఫ్ ఎక్స్‌పెరిమెంట్స్ దాదాపు ప్రతి యూనివర్సిటీలోనూ ఉంటాయి. రెండో ఏడాది ఎలక్టివ్‌లుగా టైమ్ సిరీస్, సర్వైవల్ అనాలిసిస్, క్వాలిటీ కంట్రోల్, ఎకనోమెట్రిక్స్, ఈమధ్య మెషీన్ లెర్నింగ్ వస్తున్నాయి. నాలుగు సెమిస్టర్లు, మొత్తం 80 క్రెడిట్లకు అటూ ఇటూ. ఇంటర్నల్స్ కొన్ని మార్కులకి, చివరి పరీక్ష మిగతావాటికి. హాజరు 75 శాతం లేకపోతే హాల్ టికెట్ దగ్గర ఇబ్బంది. ఇవి ఏ ఎమ్మెస్సీకైనా ఉండేవే.

నాలుగేళ్ళ ఆనర్స్ డిగ్రీ పూర్తిచేసినవాళ్ళకి ఏడాదిలోనే పీజీ ఇవ్వొచ్చని యూజీసీ 2024లో చట్రం ఇచ్చింది. యూనివర్సిటీలు ఒక్కొక్కటే దాన్ని అమలు చేసుకుంటున్నాయి. ఏడాది తగ్గుతుంది కదా అని సంబరపడేముందు ఆ నాలుగో ఏడాది స్టాటిస్టిక్స్ ఎంత చదివారో చూసుకోమని మాత్రం చెప్తాను. తగ్గేది కాలం మాత్రమే, పైన చెప్పిన పేపర్లలో ఏదీ తగ్గదు.

శాంప్లింగ్ దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే మా ప్రాంతంలో ఈ పాఠం పుస్తకంలో కన్నా పొలంలో బాగా కనిపిస్తుంది. పంట కోత ప్రయోగాలని విని ఉంటారు. మండలంలో దిగుబడి ఎంతో తేల్చడానికి, పంట బీమా లెక్కలకి ఇవే ఆధారం. ఊరు, సర్వే నంబరు, పొలం, అన్నీ రాండమ్ నంబర్లతో ఎంపికవుతాయి. పొలంలో నైరుతి మూల నుంచి మొదలుపెట్టి, పొడుగున ఇన్ని అడుగులు, అడ్డంగా ఇన్ని అడుగులు అని రాండమ్ నంబరు ఎంత చెప్తే అంత నడిచి, అక్కడ 5 మీటర్లకు 5 మీటర్ల చదరం తాడుతో కడతారు. ఆ చదరంలో ఉన్నదే కోసి తూస్తారు. వీలున్న ఏడాది మా పిల్లల్ని అసిస్టెంట్ స్టాటిస్టికల్ ఆఫీసర్ వెంట పంపుతుంటాను. చదరం పడిన చోట చెట్టు చేమ సరిగ్గా లేకపోతే రైతు "అక్కడొద్దమ్మా, ఇటు పక్క కాయ బాగుంది, ఇక్కడ తీసుకో" అంటాడు. బీమా రావాలనుకునే ఇంకో రైతు బాగున్నచోటు నుంచి పక్కకి జరగమంటాడు. ఇద్దరి మాటలోనూ కష్టం ఉంది. కానీ తాడు జరిపితే మండలం మొత్తం లెక్క జరిగిపోతుంది. సెలక్షన్ బయాస్ అన్న మాట క్లాసులో నేను ఎన్నిసార్లు చెప్పినా రాని అవగాహన, ఆ గట్టు మీద ఒక్క ఉదయం నిలబడితే పిల్లలకి వస్తుంది.

ఈ పద్ధతి వెనక పెద్ద చరిత్రే ఉంది. మహలనోబిస్ 1937లో బెంగాల్ జనపనార పంట మీద నమూనా సర్వేలు మొదలుపెట్టారు. పొలంలో కోసే చదరం ఎంత పెద్దది ఉండాలన్న దాని మీద ఆయనకీ, వ్యవసాయ పరిశోధనా మండలిలో పనిచేసిన పి.వి. సుఖాత్మేకీ గట్టి వాదాలే నడిచాయి. చిన్న ముక్క తీసుకుంటే గీత మీద పడిన మొక్కల్ని కోసేవాళ్ళు లోపలికే కలుపుకుంటారు, దిగుబడి ఎక్కువ కనిపిస్తుందన్నది సుఖాత్మే వాదం. 1950లో నేషనల్ శాంపుల్ సర్వే మొదలైంది. ఆ తర్వాతి తరంలో మన తెలుగువాడే జె.ఎన్.కె. రావుగారు హార్ట్లీ, కోక్రన్‌లతో కలిసి 1962లో ఇచ్చిన ఎంపిక పద్ధతి ఇప్పుడు శాంప్లింగ్ సిలబస్సులో ఒక యూనిట్‌లో ఉంటుంది. జిల్లాకి సరిపడే శాంపిల్‌తో మండలానికి అంచనా ఎలా కట్టాలన్న సమస్య మీద ఆయన 2003లో రాసిన పుస్తకం ఆ రంగంలో పనిచేసేవాళ్ళందరి బల్ల మీదా ఉంటుంది. సి.ఆర్. రావు, జె.ఎన్.కె. రావు ఇద్దరూ తెలుగువాళ్ళేనని చెప్పినప్పుడు వెనక బెంచీలోవాళ్ళు కూడా తలెత్తి చూస్తారు. నాకు అది చాలా ఇష్టమైన క్షణం.

డిజైన్ ఆఫ్ ఎక్స్‌పెరిమెంట్స్ పేపర్ కూడా మాకు దూరపు సంగతి కాదు. కదిరి పరిశోధనా కేంద్రం నుంచి వచ్చిన వేరుశనగ రకాలు మా రైతులందరికీ తెలుసు. కె-6 పేరు వినని ఇల్లు ఉండదు. ఒక రకం ఇంకో రకం కన్నా మెరుగని తేల్చాలంటే నేల తేడాని విడదీయాలి. ఒకే రకాన్ని మంచి నేలలో వేసి రెండోదాన్ని గరువులో వేస్తే తేలేదేమీ ఉండదు. నేలని బ్లాకులుగా విడగొట్టి, ప్రతి బ్లాకులోనూ అన్ని రకాలూ చీటీ వేసి నాటడం ఫిషర్ ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ పొలాల్లో పెంచిన ఆలోచన. ప్రాక్టికల్ రికార్డులో పిల్లలు ఆ లెక్క చేతితో చేస్తారు. మొత్తం వర్గాలు, బ్లాకుల వర్గాలు, రకాల వర్గాలు, మిగిలిన తప్పు, అన్నీ కాలిక్యులేటర్‌తో వేసి టేబుల్ కడతారు. కంప్యూటర్‌లో ఆర్ భాషలో ఒక్క వరుస రాస్తే వచ్చేదానికి ఇంత శ్రమ ఎందుకని అడుగుతారు. ఒకసారి చేతితో చేసినవాళ్ళకి కంప్యూటర్ టేబుల్‌లో డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ తప్పుగా పడితే వెంటనే కంటికి తగులుతుంది. చేయనివాళ్ళు ఆ టేబుల్‌ని అలాగే రిపోర్టులో అతికిస్తారు.

కంప్యూటర్ అక్కర్లేదని నేననడం లేదు. ఆర్, పైథాన్ రాకుండా ఈ రోజు ఎమ్మెస్సీ పూర్తికాదు. హైదరాబాద్‌లో మందుల కంపెనీల క్లినికల్ ట్రయల్స్ పనికి శాస్ అనే సాఫ్ట్‌వేర్ కూడా కావాలి. అమీర్‌పేట బోర్డుల మీద కనిపించే క్లినికల్ శాస్ కోర్సులు ఆ గిరాకీతోనే పుట్టాయి. ఆ భాషలు మూడు నాలుగు నెలల్లో పట్టుబడతాయి, నేర్పే చోట్లు కూడా చాలా ఉన్నాయి. రియల్ అనాలిసిస్‌కి అమీర్‌పేటలో బోర్డు లేదు. అది యూనివర్సిటీలో మాత్రమే దొరుకుతుంది, అదీ ఆ వయసులోనే పట్టుబడుతుంది. అందుకే వరసలో దాన్ని ముందు పెట్టాను. క్లినికల్ ట్రయల్స్‌నే తీసుకోండి. ట్రయల్‌లో గణాంకాల బాధ్యత తగిన అర్హత, అనుభవం ఉన్న స్టాటిస్టీషియన్‌దే కావాలని 1998 నాటి అంతర్జాతీయ మార్గదర్శకం చెప్తోంది. ప్రోగ్రామ్ నడిపే పని డిగ్రీతో దొరకవచ్చు. ఎంతమంది రోగుల మీద పరీక్షించాలో, మధ్యలో మానేసినవాళ్ళని లెక్కలో ఎలా ఉంచాలో నిర్ణయించే కుర్చీకి ఎమ్మెస్సీ అడుగుతారు.

నాలుగో సెమిస్టర్లో ప్రాజెక్టు. ఇక్కడ నేను పట్టుబట్టేది ఒకటే: డేటా నువ్వే తేవాలి. ఇంటర్నెట్‌లో దొరికే పువ్వుల రేకుల డేటా, టైటానిక్ ఓడ ప్రయాణికుల డేటా తీసుకుని మోడల్ వేస్తే ప్రాజెక్టు రెండు రోజుల్లో అయిపోతుంది, పిల్లకేమీ రాదు. మా జిల్లా వర్షపాతం లెక్కలు తీసుకున్న పిల్ల ముందు కనిపెట్టేది మోడల్ కాదు, ఖాళీ గడులు. ఆ రోజు వాన పడలేదా, కొలిచేవాడు రాలేదా? రెండిటికీ రిజిస్టర్లో ఒకే గీత ఉంటుంది. ఖాళీని సున్నా అనుకుంటే కరువు, వదిలేస్తే సగటు పెరుగుతుంది. ఏది చేసినా ఎందుకు చేశావో రాయాలి. వైవాకి వచ్చిన మంచి ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ రిపోర్టులో రంగుల గ్రాఫులు తిప్పేసి సరిగ్గా అక్కడే వేలు పెడతాడు. "ఈ ఖాళీలని ఏం చేశావమ్మా?" దానికి జవాబు చెప్పగలిగితే మిగతా వైవా మామూలు మాటల్లో నడిచిపోతుంది.

విదేశం మాట కూడా తల్లిదండ్రులు అడుగుతారు కాబట్టి క్లుప్తంగా చెప్తాను. అమెరికాలో స్టాటిస్టిక్స్ ఎమ్మెస్ మామూలుగా 30 నుంచి 36 క్రెడిట్లు. చేరడానికి మల్టీవేరియబుల్ కాలిక్యులస్, లీనియర్ ఆల్జీబ్రా ముందే చదివి ఉండాలంటారు. అక్కడా మొదటి ప్రశ్న ఇదేనని గమనించండి. లోపల సగటు బీ గ్రేడు నిలబెట్టుకోవాలి, అంటే నాలుగుకి మూడు. చివర థీసిస్ గానీ, సమగ్ర పరీక్ష గానీ, ప్రాజెక్టు గానీ ఉంటుంది. మన మూడేళ్ళ బీఎస్సీని కొన్ని యూనివర్సిటీలు నాలుగేళ్ళ డిగ్రీతో సమానంగా చూడవు. అప్పు పత్రాల మీద సంతకం పెట్టేముందే ఆ సంగతి ఆ యూనివర్సిటీకి రాసి తెలుసుకోవాలి. బ్రిటన్‌లో ఏడాది కోర్సు, 180 క్రెడిట్లు, అందులో మూడో వంతు వేసవిలో రాసే డిసర్టేషన్‌కే పోతుంది. ఏడాదిలో అయిపోతుందంటే తేలికని కాదు. మనవాళ్ళు రెండేళ్ళు నిదానంగా చదివేది అక్కడ తొమ్మిది నెలల్లో తరుముతారు.

ఇక మార్కుల సంగతి, ఇది మాత్రం పాస్ అవడంతో ఆగిపోకూడదు. డిగ్రీ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలంటే పీజీలో 55 శాతం ఉండాలి, రిజర్వేషన్ వర్గాలకు 50. దానిపైన నెట్ గానీ, రాష్ట్రం పెట్టే సెట్ గానీ గట్టెక్కాలి. ఆ పరీక్షల్లో స్టాటిస్టిక్స్‌కి విడిగా పేపర్ లేదు. మ్యాథమెటికల్ సైన్సెస్ అనే పేపర్లోనే రాయాలి, అందులో గణితం పిల్లలతో కలిసి పోటీ పడాలి. ఎమ్మెస్సీ అయ్యాక ఈ మాట విని నిర్ఘాంతపోయినవాళ్ళు ఉన్నారు. మొదటి సెమిస్టర్లో ఒకట్రెండు బ్యాక్‌లాగ్స్ పడి, మొత్తం మీద 53 దగ్గర ఆగిపోయిన అమ్మాయి ఎంత తెలివైనదైనా ఆ దరఖాస్తు నింపలేదు. ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్ పరీక్షకి మాత్రం స్టాటిస్టిక్స్ ఒక సబ్జెక్టుగా ఉన్న డిగ్రీ చాలు. కానీ ఆ పేపర్లు ఎమ్మెస్సీ స్థాయిలో ఉంటాయి, చదివినవాళ్ళకే చేతికొస్తాయి.

సి.ఆర్. రావుగారు 2023 ఆగస్టులో 102 ఏళ్ళ వయసులో వెళ్ళిపోయారు. ఆ ఏడాదే ఆయనకి ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ వచ్చింది. పాతికేళ్ళ వయసులో అచ్చువేసిన ఆ వ్యాసం కూడా ఆ బహుమతికి కారణాల్లో ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో ఆయన పేరుతో ఒక పరిశోధనా సంస్థ ఉంది. హబ్సిగూడలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ శాఖ ఉంది. మన పిల్లలు ఈ రెండు చోట్లకీ ఒకసారైనా వెళ్ళి చూడాలని కోరుకుంటాను. రావుగారు కూడా మొదట ఆ ఇన్‌స్టిట్యూట్‌ని చూడటానికే కదా వెళ్ళింది.

ఇప్పుడు డిగ్రీ థర్డియర్లో ఉన్నవాళ్ళకి తేదీల మాట. జామ్‌కి దరఖాస్తులు సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో, పరీక్ష ఫిబ్రవరిలో. సీయూఈటీ పీజీ మార్చి ప్రాంతంలో. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ దరఖాస్తులు వేసవికి ముందు, పరీక్ష మేలో. పీజీసెట్, సీపీగెట్ వేసవిలో, ఆ తర్వాత. అంటే పెద్ద పరీక్షలన్నీ మీ ఆఖరి సెమిస్టర్ పరీక్షల కన్నా ముందే, లేదా వాటితో పాటే వచ్చేస్తాయి. ఫలితాలొచ్చాక నా గదికి వస్తే చెప్పడానికి పీజీసెట్ ఒక్కటే మిగులుతుంది. సెకండియర్ సెలవుల్లోనే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వెబ్‌సైట్‌లో పాత ప్రశ్నపత్రాలు దించుకుని, రియల్ అనాలిసిస్ నోట్సు పక్కన పెట్టుకుని, రోజుకి ఒక్క లెక్క పూర్తిగా, రుజువుతో సహా కాగితం మీద రాయండి. రాకపోతే ఆ కాగితం పట్టుకుని మీ లెక్చరర్ దగ్గరికి వెళ్ళండి. ఆ కాగితం చూస్తే మీరు ఎక్కడ ఆగారో, ఏ పాఠం మళ్ళీ చదవాలో ఆమె చెప్పగలుగుతుంది.